సర్టిఫికెట్ వచ్చింది సరే, టీచర్ వచ్చిందా?

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ నెలలోనే మూడు యోగా క్లాసుల ప్రకటనలు వచ్చాయి. మూడింటిలోనూ 'సర్టిఫైడ్ టీచర్' అని పెద్ద అక్షరాల్లో ఉంది. సొంతంగా ఎన్నాళ్ల నుంచి సాధన చేస్తున్నారో ఒక్కదాంట్లోనూ లేదు. ఈ మాటకి కొందరు నొచ్చుకుంటారని తెలుసు. అయినా అంటాను. ఆరేళ్ల కిందట అలాంటి ప్రకటన నేనూ పెట్టాను మరి.

ఇప్పుడు ఎక్కడ విన్నా 200 గంటల కోర్సే. 1999లో అమెరికాలో మొదలైన యోగా అలయన్స్ అనే సంస్థ పెట్టుకున్న లెక్క అది. రోజుకి 8 గంటలు కూర్చుంటే 25 రోజుల్లో అయిపోతుంది. 25 రోజులకి కొత్త ఆవకాయ జాడీలో ముక్క ఊరిందని కూడా మా అత్తగారు ఒప్పుకోరు. మనం మాత్రం ఊరిపోతాం!

కోర్సు అయిన వారం నుంచే మావారు మొదలుపెట్టారు. "అంత డబ్బు కట్టాం కదా, క్లాసులెప్పుడు?" అని. మేడ మీద ఎనిమిది మందితో మొదలుపెట్టేశాను. పదో రోజున సర్వాంగాసనం. కింది ఫ్లోర్ పిన్నిగారికి అరవై దాటాయి. "నాకు వస్తుందంటావా అమ్మా?" అన్నారు. "ఎందుకు రాదు పిన్నిగారూ!" అంటూ కాళ్లు పట్టుకుని పైకి లేపాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏనుగెక్కినంత సంబరం.

మర్నాడు పిన్నిగారు ఆలస్యంగా వచ్చారు. "కంట్లో చుక్కలు వేసుకునేసరికి టైమైపోయిందమ్మా. గ్లకోమా కదా, ఒక్కపూట కూడా మానకూడదన్నారు డాక్టరు" అన్నారు మామూలుగా. నా కాళ్ల కింద మేడ కదిలినట్టయింది. ఆవిడకి ఏమీ కాలేదు. అది నా అదృష్టమే, నా గొప్పేం లేదు.

ఇక్కడే నా వాదనంతా ఉంది. గ్లకోమా ఉన్నవాళ్లు తలకిందులయ్యే ఆసనాలు వేయకూడదని, కంట్లో ఒత్తిడి పెరుగుతుందని నాకు తెలియక కాదు. కోర్సులో చెప్పారు, పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. అయినా ఆవిణ్ణి ఒక్క ప్రశ్న అడగలేదు. ఎందుకని? ఎనిమిది మంది చూస్తున్నారు. అరవై ఏళ్లావిడ చేత సర్వాంగాసనం వేయించిన టీచర్ననిపించుకోవాలి. నాకు తక్కువైంది చదువు కాదు, ఆ యావని ఆపుకునే బుద్ధి. అది ఏ కోర్సువాళ్లూ చేతికి ఇవ్వలేరు.

"యోగా అంటే వ్యాయామమేగా, ఇంత వేదాంతమెందుకు?" అంటారు. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది. దానికి ముందు యమ నియమాలున్నాయి. యమాల్లో మొట్టమొదటిది అహింస. నా మెప్పు కోసం ఇంకొకరి మెడ మీద బరువు పెట్టడం హింస కాదా? మీరే చెప్పండి.

"అన్నీ కుదిరాకే చెప్పాలంటే మన ఆడవాళ్లం ఎప్పటికీ గడప దాటం" అని ఇంకో మాట. ఇందులో నిజముంది. నేనేమీ సన్యాసం పుచ్చుకోమనడం లేదు. ఇంద్రాదేవి సంగతి చూడండి. 1930ల చివర్లో మైసూరులో కృష్ణమాచార్యులుగారు ఆవిణ్ణి మొదట శిష్యురాలిగా ఒప్పుకోనే లేదు. తర్వాత నేర్పారు. ఆఖరికి వెళ్లి నలుగురికీ నేర్పమన్నదీ ఆయనే. దగ్గరుండి చూసిన మనిషి ఆ మాట అన్నారు.

మరి మనల్ని దగ్గరుండి చూసేదెవరు? ఇంట్లోవాళ్లే. ఇంట గెలిచి రచ్చ గెలవమని ఊరికే అనలేదు. ఒకరోజు మేడ మీద శ్వాస గురించి, శాంతం గురించి గంటసేపు చెప్పి కిందికొచ్చాను. పాలు పొంగి స్టవ్వంతా పారుతున్నాయి. మా అమ్మాయి మీద విరుచుకుపడ్డాను. అది నింపాదిగా, "మేడ మీద చెప్పింది మెట్లు దిగేలోపే మర్చిపోయావా అమ్మా?" అంది. ఆ పిల్ల పెట్టిన పరీక్షలో నాకు సున్నా.

పిన్నిగారి దగ్గరికెళ్లి తప్పు ఒప్పుకున్నాను. క్లాసు ఆపేశాను. మావారు మొహం ముడుచుకున్నారు, నలుగురూ నవ్వారు. రెండేళ్లపాటు మళ్లీ ఒక టీచరు దగ్గర వెనక వరుసలో చాప వేసుకుని కూర్చున్నాను. కోపం పూర్తిగా పోలేదు. కానీ వస్తున్నప్పుడు తెలుస్తోంది. "ఇది మీకు వద్దు", "నాకు తెలియదు, డాక్టర్ని అడిగి రండి" అనే రెండు మాటలు సిగ్గుపడకుండా అనడం వచ్చింది. సిద్ధపడటమంటే నా మటుకు నాకు ఇంతే.

ఇప్పుడు ఆరుగురికి చెబుతున్నాను. మొదటి రోజు ఆసనాలుండవు. బీపీ, షుగరు, కళ్లు, మోకాళ్లు, ఆపరేషన్లు, నెలసరి, అన్నీ అడిగి రాసుకుంటాను. "ఇన్ని ప్రశ్నలేంటి, పెళ్లిచూపులా?" అని నవ్వుతారు. నవ్వనివ్వండి.

మీరూ క్లాసులో చేరేముందు గోడ మీది సర్టిఫికెట్ చూడకండి. ఆవిడ మీ ఒంటి సంగతి అడిగిందా లేదా చూడండి. అడగకుండానే కాళ్లు పైకెత్తమంటే చాప చుట్టుకుని ఇంటికొచ్చేయండి.

పిన్నిగారు ఇప్పటికీ వస్తారు. కుర్చీలో కూర్చుని భుజాలు తిప్పుతారు, నెమ్మదిగా ఊపిరి తీసి వదులుతారు. చుక్కల మందు వేసుకున్నారా అని నేను అడిగాకే మొదలుపెడతాం.