కుక్క గోక్కుంటోందా? కిరసనాయిలు సీసా పక్కన పెట్టండి

చలిగాలి మొదలయ్యేసరికి మన మడమలు పగులుతాయి, పెదవులు ఎండుతాయి, పిల్లల చెంపలు తెల్లగా పొడిబారిపోతాయి. రాత్రి పడుకోబోయే ముందు కాస్త కొబ్బరినూనె రాసుకుని సరిపెట్టుకుంటాం. మరి వాకిట్లో పడుకున్న కుక్క సంగతో? దానికీ అదే గాలి, అదే ఎండ, అవే బోరు నీళ్లు. నోరు తెరిచి చెప్పలేదు కనుక వెనక కాలితో బరబరా గోక్కుంటుంది, గోడకు వీపు రాసుకుంటుంది, పాదాలు నాక్కుంటుంది.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వైపు ఉండే సోదరీమణులకు ఈ బాధ మరీ ఎక్కువ. ఈ ప్రాంతం పడమటి కనుమల వానచాటున ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది పొడవునా పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి చిరునామా మారింది గానీ గాలిలో తేమ పెరగలేదు కదా! దానికి తోడు సబ్బు వేస్తే నురగ సరిగా రాని బోరు నీళ్లు. కుక్క చర్మం పొడిబారడంలో వింతేముంది?

అయితే ఒక్క మాట. దురద అన్నది జబ్బు కాదు, జబ్బుకు గుర్తు. పొడి చర్మం వల్ల వచ్చే దురదను ఇంట్లోనే తగ్గించవచ్చు. గజ్జి వల్లో, పిడుదుల వల్లో వచ్చే దురద ఇంటి చిట్కాలతో పోదు. పోకపోగా ముదురుతుంది. అప్పుడే ఎవరో ఒకరు "ఏముందక్కా, కాలిన ఆయిలు పూయండి, రెండు రోజుల్లో పోతుంది" అంటారు. ఆ మాట విని ప్రాణం మీదికి తెచ్చుకున్న మూగజీవాలు ఎన్నో. అందుకే వైద్యం కంటే ముందు పరీక్ష.

పొడి చర్మమేనా? ఇలా చూడండి

పగటి వెలుతురులో కుక్కను పాత తెల్ల పంచె మీద పడుకోబెట్టండి. వెంట్రుకలను ఎదురు దిశలో విడదీస్తూ తల నుంచి తోక దాకా చూడండి.

చుండ్రులాంటి తెల్లటి పొట్టు రాలుతూ, కింద చర్మం ఎర్రబడకుండా, వెంట్రుకలు ఊడకుండా, చెడు వాసన లేకుండా ఉంటే అది చాలా వరకు పొడి చర్మమే.

మిరియపు పొడిలా నల్లటి నలుసులు కనిపిస్తే వాటిని తడి దూది మీద వేసి నలపండి. తుప్పు రంగు ఎరుపు తేలితే అది మట్టి కాదు, గెంతే పురుగులు తాగిన రక్తం. ఇవి ఎక్కువగా నడుము మీద, తోక మొదట్లో చేరతాయి.

చెవుల లోపల, మెడ కింద, చంకల్లో, కాలివేళ్ల సందుల్లో వేలితో తడమండి. గింజల్లా తగిలేవి పిడుదులు. కొన్నిచోట్ల వీటినే గోమార్లు అంటారు.

చెవి అంచులు, మోచేతులు చెక్కు కట్టి, వెంట్రుకలు ఊడి, రాత్రిళ్లు కూడా నిద్ర లేకుండా గోక్కుంటుంటే గజ్జి అని అనుమానించండి. చెవి అంచును రెండు వేళ్ల మధ్య మెల్లగా నలిపితే వెనక కాలు గోకుతున్నట్టు ఆడుతుంది. ఈ గజ్జి పురుగు కంటికి కనిపించదు. మనుషులకూ దురద తెప్పిస్తుంది. కుక్కతో ఆడుకునే పిల్లలకు చేతుల మీద, పొట్ట మీద ఎర్రటి పొక్కులు వస్తే ఇద్దరికీ వైద్యం కావాలి. గుండ్రంగా వెంట్రుకలు ఊడిన మచ్చలు తామర కావచ్చు. అదీ అంటుకునేదే.

స్నానం తక్కువ, శ్రద్ధ ఎక్కువ

దురద అనగానే చాలామంది వారానికి రెండుసార్లు సబ్బుతో తోమేస్తారు. కుక్క చర్మపు పై పొర మన చర్మం కంటే పలచన. మన చర్మానికి కాస్త పులుపు గుణం ఉంటుంది, కుక్క చర్మానికి అది తక్కువ. ఒంటి సబ్బు, బట్టల సబ్బు రెండూ క్షార గుణం కలవి. చర్మాన్ని కాపాడే సహజమైన జిడ్డును లాగేస్తాయి. కుంకుడు రసమూ జిడ్డును లాగుతుంది, కంట్లో పడితే భగ్గుమంటుంది.

పొట్టి వెంట్రుకల నాటు కుక్కకు మూడు నాలుగు వారాలకు ఒక స్నానం చాలు. వేడి నీళ్లు వద్దు, గోరువెచ్చని నీళ్లు చాలు. కుక్కల కోసమే తయారైన షాంపూ పట్టించి, సీసా మీద రాసినంత సేపు ఉంచి, ఆ తర్వాత బాగా కడగాలి. నురగ మిగిలిపోతే అదే కొత్త దురద. నీళ్లు మరీ ఉప్పగా ఉంటే చివరి చెంబులకైనా మంచినీళ్లు వాడండి.

దురదకు ఓట్స్ స్నానం హాయినిస్తుంది. ఇప్పుడు ఓట్స్ పొట్లాలు ప్రతి అంగడిలో దొరుకుతున్నాయి. మసాలా, చక్కెర కలిపినవి పనికిరావు, ఉత్త ఓట్స్ తీసుకోవాలి. ఒక కప్పు ఓట్స్ మిక్సీలో మెత్తని పిండి చేయండి. చెంచాడు పిండి గ్లాసు నీళ్లలో వేస్తే నీళ్లు పాలలా మారాలి, అడుగున రవ్వలా దిగిందంటే ఇంకా తిప్పాలి. ఈ పిండిని గోరువెచ్చని నీళ్ల బకెట్లో కలిపి, కళ్లలో పడకుండా ఒంటి మీద పోస్తూ పది నిమిషాలు మెల్లగా రుద్దండి. తర్వాత కడిగి పాత తువ్వాలుతో అద్దండి. గట్టిగా రుద్దకూడదు. రసి, చీము ఉన్న చర్మానికి ఇది వద్దు.

రోజూ అయిదు నిమిషాలు మెత్తటి బ్రష్‌తో దువ్వితే చర్మంలోని జిడ్డు వెంట్రుకల పొడవునా పరుచుకుంటుంది. ఇది పైసా ఖర్చు లేని మందు. పగిలిన మోచేతులకు నాలుగు చుక్కల కొబ్బరినూనె మంచిదే. ఒళ్లంతా పూయడం మాత్రం వద్దు. పూసిందంతా నాకి విరేచనాలు తెచ్చుకుంటుంది. మగ్గమున్న ఇళ్లవారికి ఇంకో చిక్కు కూడా ఉంది. కుక్కలు చల్లదనం కోసం మగ్గం గుంతలోకి దిగి పడుకుంటాయి. నూనె ఒంటితో పట్టు పడుగుకు రాసుకుందంటే చీర మీద పడ్డ ఆ మరక ఎవరి ఖాతాలో వేస్తారు?

మెతుకులు ఒక్కటే చాలవు

పొడి చర్మానికి సగం కారణం గిన్నెలో ఉంటుంది. మన ఇళ్లలో కుక్కకు పడేది మజ్జిగన్నమో, మిగిలిన సంగటో. కడుపు నిండుతుంది గానీ చర్మానికి కావలసిన మాంసకృత్తులు, మంచి కొవ్వు అందవు. వెంట్రుకలు మెరుపు తగ్గి పీచులా తయారవుతాయి.

పది కిలోల కుక్కకు ఒక పూటకు ఇలా పెట్టి చూడండి. చిన్న రాగి సంగటి ముద్ద ఒకటి, ఉడికించిన గుడ్డు ఒకటి, ఉడికించిన గుమ్మడి లేదా క్యారెట్ ముక్కలు రెండు చెంచాలు. దించాక పొద్దుతిరుగుడు నూనె ఒక టీ చెంచా కలపండి. నూనె మొదట పావు చెంచాతో మొదలుపెట్టి వారం రోజుల్లో పెంచాలి. బొద్దుగా ఉన్న కుక్కకు సగం చాలు. వారానికి ఒకటి రెండుసార్లు ముళ్లు తీసిన ఉడికించిన చేప పెడితే ఇంకా మంచిది. మాంసం వండని ఇళ్లలో మెత్తగా ఉడికిన పప్పు, పెరుగు, ఉడికించిన మీల్‌మేకర్ పెట్టవచ్చు. గుడ్డు పచ్చిది వద్దు. పచ్చి తెల్లసొన చర్మానికి అవసరమైన బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి పట్టనివ్వదు.

ఉల్లిపాయ, వెల్లుల్లి ఏ రూపంలోనూ పెట్టకండి. అవి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. పొద్దున మిగిలిన ఉగ్గాని కుక్క గిన్నెలో వేసే అలవాటుంటే మానుకోండి, అందులో ఉల్లిపాయే ఎక్కువ. ఎండుద్రాక్ష, చాక్లెట్ కూడా విషమే. గిన్నెలో నీళ్లు రోజుకు రెండుసార్లు మార్చండి. తిండి మార్పు ఫలితం చర్మం మీద కనబడడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఓపిక పట్టాలి.

పడుకునే చోటు

పిడుదు కుక్క మీదే కాపురం చేయదు. రక్తం తాగి కిందికి దిగి, గోడ పగుళ్లలో, బండల సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. కుక్కను ఎంత శుభ్రం చేసినా చోటు శుభ్రం కాకపోతే వారంలో మళ్లీ ఎక్కుతాయి. పగుళ్లు సిమెంటుతో పూడ్చండి. గోనెపట్టాను వారానికోసారి మరిగే నీళ్లలో నానబెట్టి ఉతికి, మిట్టమధ్యాహ్నం ఎండబెట్టండి. ఈ ఒక్క పనిలో ధర్మవరం ఎండ మనకు చుట్టమే! పిడుదును చేత్తో నలపకండి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, నిదానంగా నిటారుగా లాగి, సబ్బు నీళ్ల డబ్బాలో వేయండి.

ఇవి మాత్రం వద్దు

కిరసనాయిలు, మెకానిక్ షెడ్డులో దొరికే కాలిన ఆయిలు, ఫినాయిలు, వేరుశనగ చేనుకు కొట్టే పురుగుమందు ఇవేవీ కుక్క ఒంటికి తగలనీయకండి. పాతకాలం వాళ్లు చల్లిన బి.హెచ్.సి. పొడిని మన దేశంలో 1997లోనే నిషేధించారు. వీటితో గోకడం ఆగినట్టు కనిపించవచ్చు. కానీ కుక్క ఒళ్లు నాక్కుంటుంది, మందు కడుపులోకి పోతుంది. కిరసనాయిలు ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. పురుగుమందుకైతే చొంగ కార్చి, వణికి, గంటల్లో ప్రాణం పోవచ్చు.

మన దురదకు వాడే ఆయింట్‌మెంట్లు, జ్వరం మాత్రలు కూడా వాడకూడదు. వేపాకు కాచి చల్లార్చిన నీళ్లతో కడిగితే చెడు లేదు గానీ గజ్జి పురుగు దానితో చావదు.

ఆసుపత్రికి ఎప్పుడు?

రెండు వారాలు ఇలా చూసినా గోకడం తగ్గకపోయినా, వెంట్రుకలు ఊడినా, చీము, చెడు వాసన ఉన్నా, చెవులు పదే పదే విదిలించినా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిడుదులున్న కుక్క తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ముక్కు నుంచి రక్తం కారితే ఆ రోజే వెళ్లాలి. అది పిడుదుల వల్ల వచ్చే జ్వరం కావచ్చు, ఆలస్యం చేస్తే దక్కదు.

అక్కడ డాక్టరు బ్లేడుతో చర్మాన్ని కాస్త గీకి సూక్ష్మదర్శినిలో చూస్తారు. గజ్జికీ, పిడుదులకూ ఇప్పుడు మంచి మాత్రలు వచ్చాయి. అవి బరువును బట్టి ఇస్తారు. వెళ్లేముందు కుక్కను ఎత్తుకుని తూకం మిషను ఎక్కి, తర్వాత మీరొక్కరే ఎక్కి తేడా రాసుకోండి. దానికి ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి.

పుండు ముట్టుకున్నప్పుడు ఎంత మచ్చికైన కుక్కయినా కరవవచ్చు. పంటిగాటు పడితే పావుగంట సేపు ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో కడిగి, వెంటనే టీకా కోసం ఆసుపత్రికి వెళ్లండి. కుక్కకు ఏటా రేబిస్ టీకా తప్పనిసరి. జూలై 6న, అంటే 1885లో పాశ్చర్ తొలిసారి ఒక బాలుడికి ఆ టీకా ఇచ్చిన రోజున, పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తుంటారు.

చివరగా ఇంకొక్క మాట. "ఒళ్లంతా గజ్జి, ఇంట్లో పిల్లలున్నారు" అని కుక్కను బస్సు స్టాండు అవతల వదిలేసి వచ్చేవాళ్లున్నారు. తిండీ నీళ్లూ లేక బాధపడేలా పెంపుడు జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. పైగా ఆ గజ్జి నయం కానిదేమీ కాదు. సరైన మందు పడితే కొద్ది వారాల్లో తగ్గిపోతుంది, ఊడిన చోట మళ్లీ వెంట్రుకలొస్తాయి. ఇన్నాళ్లు మీ వాకిలి కాసినదానికి ఆ కొద్ది వారాలు మీరు కాపలా ఉండలేరా? రేపు ఉదయం ఎండపొడ పడగానే ఆ తెల్ల పంచె పరిచి చూడండి.