క్రొత్త ప్లేటు, పాత ఫ్లైవీలు

బెంజి సర్కిల్ రద్దీలో హాఫ్ క్లచ్ మీద కారు నడిపితే క్లచ్ ప్లేటుతోపాటు, అది ఒరుసుకొనే ఫ్లైవీలు కూడ దెబ్బతింటుంది. వేడికి దానిపై నీలి మచ్చలు, గీతలు పడతాయి. దానిమీదనే క్రొత్త ప్లేటు బిగిస్తే బండి కదిలేటప్పుడు వణకుతుంది, ప్లేటు త్వరగా పాడవుతుంది. మరల గేర్‌బాక్సు దింపాలి. లేబరు ఖర్చు రెండింతలు!

కనుక ఆటోనగర్‌లో గేర్‌బాక్సు దించిన రోజే ఫ్లైవీలును మీ కళ్లతో చూడండి. మచ్చలుంటే గ్రైండింగ్ చేయించండి. లోతైన పగుళ్లున్నా, మందం కంపెనీ చెప్పిన హద్దుకన్న తగ్గినా మార్చవలసిందే. కొన్ని కార్లకుండే డ్యూయల్ మాస్ ఫ్లైవీలును మాత్రం గ్రైండింగుకు ఇవ్వవద్దు. ఇంజను వెనుక ఆయిలు సీలు కారుతుంటే అదీ మార్పించండి. నూనె తగిలిన ప్లేటు జారుతుంది. ఆ తరువాత క్లచ్ పెడల్ మీద ఊరకే కాలు ఉంచకండి.