సభ వేసిన శిక్ష, ఓటరు చెప్పిన తీర్పు

పార్లమెంటు సభ్యులను సస్పెండ్ చేశారన్న వార్త వ్రాయవలసి వచ్చినప్పుడల్లా నాకు జాషువా గిడింగ్స్ అనే అమెరికన్ కాంగ్రెసు సభ్యుడు జ్ఞాపకం వస్తారు. ఒహైయో రాష్ట్రం నుంచి 1838లో ప్రతినిధుల సభకు ఎన్నికై 1859 వరకు పనిచేసిన ఈ న్యాయవాది పేరు మన దేశంలో వినబడడం అరుదు. లింకన్ కీర్తి వెలుగులో ఇటువంటివారెందరో మరుగున పడిపోయారు.

ఆయన సభలో అడుగు పెట్టేనాటికి బానిసత్వమనే మాట ఎత్తడమే అక్కడ అపరాధం. దాని నిర్మూలన కోరుతూ ప్రజలు పంపే మహజర్లు చర్చకు రాకుండా సభ 1836లోనే కట్టడి చేసుకున్నది.

1841 నవంబరులో, వర్జీనియా నుంచి న్యూ ఆర్లియన్స్‌కు బానిసలను తరలిస్తున్న క్రియోల్ ఓడలో తిరుగుబాటు జరిగింది. తిరుగుబాటుదారులు ఓడను బ్రిటిష్ పాలనలోని నాసౌ రేవుకు మళ్లించారు. అక్కడి అధికారులు బానిసలకు విముక్తి ప్రసాదించారు. అమెరికా ప్రభుత్వం యజమానుల పక్షం వహించి బ్రిటన్‌ను నిలదీసింది. అప్పుడు, 1842 మార్చి 21న, గిడింగ్స్ తొమ్మిది తీర్మానాలు ప్రతిపాదించారు. బానిసత్వానికి ఆధారం రాష్ట్ర చట్టం మాత్రమే. ఓడ నడిసముద్రం చేరిన తరువాత ఆ చట్టం చెల్లదు. కనుక స్వేచ్ఛకై తిరగబడినవారు అమెరికా చట్టాన్ని దేనినీ ఉల్లంఘించలేదన్నది వాటి సారాంశం.

మరునాడే సభ 125–69 ఓట్లతో ఆయనను అభిశంసించింది. సమాధానం చెప్పుకొనే అవకాశమైనా ఇవ్వలేదు. గిడింగ్స్ రాజీనామా ఇచ్చి ఓటర్ల వద్దకు వెళ్లారు. కొద్ది వారాలకే జరిగిన ఉపఎన్నికలో ఆయనకు 7,469 ఓట్లు, ప్రత్యర్థికి 393 ఓట్లు వచ్చాయి. మే నెలలో ఆయన తిరిగి సభలో కూర్చున్నారు. మహజర్లపై కట్టడి 1844లో రద్దయింది.

ఎన్నికల విజయం ప్రతి తప్పునూ కడిగివేస్తుందని నేననను. ఒక పార్లమెంటు ప్రశ్నకు సమాచారం సేకరిస్తున్న అధికారులను అడ్డుకున్నారన్న అభియోగంపై 1978 డిసెంబరులో లోక్‌సభ ఇందిరాగాంధీని బహిష్కరించింది. 1980 జనవరిలో మెదక్, రాయబరేలీ ఓటర్లు ఆమెను గెలిపించారు. 1981లో కొత్త సభ పాత తీర్మానాన్ని కొట్టివేసింది. ఆమెపై వచ్చినది అధికార దుర్వినియోగ ఆరోపణ. గిడింగ్స్ చేసినది అభిప్రాయ ప్రకటన. రెండింటినీ ఒకే గాటను కట్టరాదు. అయితే, సంఖ్యాబలంతో విధించిన శిక్ష ఆ బలం చేతులు మారగానే చెల్లకుండా పోతుందని రెండూ నిరూపించాయి.

2023 డిసెంబరులో, పార్లమెంటు భద్రతా వైఫల్యంపై ప్రకటన కోరుతూ ఆందోళన చేసిన 146 మంది సభ్యులు సస్పెండయ్యారు. సభలో ప్లకార్డులు పట్టడం నియమ విరుద్ధమే. కాని వారిలో అనేకులు లేకుండానే మూడు కొత్త నేరచట్టాల బిల్లులు ఆమోదం పొందాయి. సభ్యుని వెలుపలికి పంపినప్పుడు ఆయన నియోజకవర్గం గొంతు కూడా వెలుపలికి పోతుంది. అందుచేత సభామర్యాదకు భంగం కలిగించే ప్రవర్తనను శిక్షించవచ్చు గాని, అది కూడా సంజాయిషీ విన్న పిమ్మటనే జరగాలి. అప్రియమైన అభిప్రాయాన్ని మాత్రం శిక్షించరాదు.

గిడింగ్స్ 1864లో మాంట్రియల్‌లో, అమెరికా కాన్సల్ జనరల్ పదవిలో ఉండగా కన్నుమూశారు. మరుసటి ఏడే రాజ్యాంగ సవరణ ద్వారా బానిసత్వం రద్దయింది.