‘మూన్‌లైట్’కి మూడో భాగం కూడా ఉంది

హాస్టల్లో మెటల్ వినేవాడెవడైనా “వెస్టర్న్ క్లాసికల్ మొదలుపెడదామనుకుంటున్నా” అంటే చాలు, పక్క రూమ్ వాడు పంపే లింక్ ఒకటే: చదువుకుంటూ వినే ‘రిలాక్సింగ్ క్లాసికల్’ ప్లేలిస్ట్. నాకూ అదే వచ్చింది. బీథోవెన్ ‘మూన్‌లైట్ సొనాటా’ మొదటి భాగం దగ్గరే నిద్రపోయా. ఇది మనకి పడే సంగీతం కాదులే అని ఏడాది పాటు దాని జోలికి పోలేదు.

ఆ సొనాటాకి మూడో భాగం ఉందని ఒక్కడూ చెప్పలేదు! 1801లో రాసింది. ఒక్క పియానో మీద తుఫాను. కింది నుంచి పైకి ఎగబాకే స్వరాలు, ఎక్కిన ప్రతిసారీ చివర రెండు గుద్దులు. అది ముందు విని ఉంటే నాకు ఆ ఏడాది మిగిలేది. ఆవకాయ తినేవాడికి పథ్యం కూడు పెట్టి, రుచి లేదంటే వాడి నాలుకని తప్పుపట్టడం ఏం న్యాయం?

బ్లాక్ సబ్బాత్ 1970 నాటి తొలి ఆల్బమ్‌లో మొదటి పాట గుర్తుందా? ఆ మూడు స్వరాల భయంకరమైన రిఫ్ వెనక గుస్తావ్ హోల్స్ట్ ‘ది ప్లానెట్స్’లోని ‘మార్స్’ ఉందంటారు. గీజర్ బట్లర్ బాస్ మీద దాన్ని వాయిస్తుంటే టోనీ అయోమీకి ఆ ఆలోచన తట్టిందట. కాబట్టి నా ఓటు ముందు ‘మార్స్’కే. ఏడు నిమిషాలు. ఐదేసి దెబ్బల లెక్క మీద నడుస్తుంది, మృదంగం నేర్చుకున్నవాళ్లు ‘ఖండం’ అని ఇట్టే పట్టేస్తారు.

తర్వాత షోస్టకోవిచ్ ఎనిమిదో స్ట్రింగ్ క్వార్టెట్. 1960లో, యుద్ధంలో నేలమట్టమైన డ్రెస్డెన్ నగరానికి వెళ్లినప్పుడు మూడు రోజుల్లో రాశాడు. తన పేరులోని అక్షరాలనే నాలుగు స్వరాలుగా మార్చి మొదటి నుంచి చివరి దాకా తిప్పుతాడు. రెండో భాగం వినండి. డ్రమ్స్ లేవు, ఆంప్ లేదు, ఉన్నవి నాలుగు తీగవాద్యాలే. అయినా త్రాష్ మెటల్ ఇంత కోపంగా ఉండటం నేను తక్కువే విన్నా.

“మనకి కర్ణాటక సంగీతం లేదా?” అని మా క్లబ్బులో ఒకరు అడిగారు. ఎందుకు లేదు? గిటార్ పిచ్చి ఉన్నవాళ్లు పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌తో మొదలుపెట్టొచ్చు. దాని గురించి ఇంకో వ్యాసమే రాయాలి.

నాకు నిజంగా ఒళ్లు మండేది, “రాక్ వదిలేసి క్లాసికల్‌కి వచ్చావా, ఎదిగావురా” అనే మాట. ఇదేమన్నా ప్రమోషనా? నేనేదీ వదల్లేదు. పైగా అలా అనేవాళ్ల వల్లే చాలామంది రాక్ వాళ్లు ఇటువైపు రారు. తమ టేస్ట్ తక్కువని ఒప్పుకుంటేనే లోపలికి రానిస్తారేమో అనుకుంటారు.

ఇక వినేటప్పుడు రెండు జాగ్రత్తలు. సిటీ బస్సులో వద్దు. రాక్ రికార్డుల్లో శబ్దం ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటుంది, ఇక్కడ అలా కాదు. రవెల్ ‘బొలెరో’ పావుగంట సేపు ఒకే డ్రమ్ లయ మీద కొంచెం కొంచెంగా పెరుగుతుంది. మొదటి రెండు నిమిషాలు ఇంజిన్ మోతలో వినపడవు. వినపడట్లేదని వాల్యూమ్ పెంచారో, చివర్లో చెవులు పోతాయి. రెండోది, షఫుల్ ఆపేయండి. బీథోవెన్ ఐదో సింఫనీలో మూడో భాగం చివర దాదాపు గుసగుసలా మారి, ఆగకుండా ఒక్కసారిగా నాలుగో భాగంలోకి దూకుతుంది. సరిగ్గా ఆ దూకే చోట నా ఫోన్ ఒకసారి ఏదో ఐటెం సాంగ్ వేసింది.