అలల మీది పలక: ఏది మన్నుతుంది?

చెన్నై దగ్గరి కోవళంలోను, కర్ణాటకలోని ముల్కిలోను సర్ఫింగ్ నేర్పే చోట్లు వెలిసిన తరువాత, మన ఇళ్లలోని పిల్లలూ పలక కొనిపెట్టమని పేచీ పెడుతున్నారు. వేలు పోసి కొనే వస్తువు గదా! ఏది ఎన్నాళ్లు మన్నుతుందో పెద్దలు ముందుగా తెలుసుకోవడం మంచిది. ఈ మాసం ఆ సంగతే ముచ్చటించుకుందాం.

ఈ క్రీడకు పుట్టిల్లు హవాయి దీవులు. అక్కడివారు పూర్వం కోవా, విలివిలి చెట్ల కలపతో పలకలు చెక్కేవారు. వాడిన తరువాత ఆరబెట్టి, నూనె పట్టించి, గుడ్డ చుట్టి భద్రపరిచేవారు. అబ్నర్ పాకీ అనే నాయకుడు 1855లో గతించాడు. ఆయన పలకలు నేటికీ హోనొలూలూలోని బిషప్ మ్యూజియంలో ఉన్నాయి. మన్నిక అంటే అదీ! అయితే వాటి బరువు ఒక మనిషి బరువుకు తీసిపోదు.

బరువు తగ్గించాలని టామ్ బ్లేక్ బోలు పలకను కనిపెట్టాడు. తేలికయింది గాని, అతుకులలోంచి నీరు చొరబడేది. దానిని వంపడానికి బిరడా పెట్టవలసి వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత బాల్సా కలపకు ఫైబర్ గ్లాసు గుడ్డ, రెజిన్ తొడిగారు. 1950ల చివర కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ కలపకు మారుగా పాలియురెథేన్ నురుగును వాడుకలోకి తెచ్చారు. 2005 డిసెంబరులో క్లార్క్ కర్మాగారం మూతపడగా, థర్మోకోల్ జాతి నురుగుకు ఎపాక్సీ పూసిన పలకలకు గిరాకీ హెచ్చింది.

ఇక ఎంపిక మాట. పాలియురెథేన్ పలకను బాగుచేయడం సులువు. కాని మడమల ఒత్తిడికి సొట్టలు పడుతుంది, ఎండకు పసుపెక్కుతుంది. ఎపాక్సీ పలక తేలిక, దెబ్బకు బాగా ఆగుతుంది. కాని పగులు పడిందా, లోపలి నురుగు గింజల సందుల్లోకి నీరు చేరుతుంది. మూసిన కారులో ఎండకు వదిలితే పైపొర ఉబ్బి లేస్తుంది. దీనికి పాలియెస్టర్ రెజిన్‌తో అతుకు వేయరాదు, నురుగు కరిగిపోతుంది. మెత్తని పైతొడుగు గల పలక అంత చురుకుగా తిరగదు. కాని తగిలినా గాయం తక్కువ. కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఇదే కొనిపెట్టమని మా సలహా.

ఏది కొన్నా, పలకకు అసలు శత్రువు అల కాదు, లోపల నిలిచే నీరు. ఈ మాట మనవారికి కొత్త కాదు. పూరీ తీరాన స్థిరపడిన తెలుగు జాలరులు తెప్ప ఒడ్డుకు చేరగానే కట్లు విప్పి దుంగలను ఆరబెట్టేవారు. నీరు తాగిన దుంగ బరువెక్కుతుందని వారికి తెలుసు. కావున పలకను మంచినీటితో కడిగి నీడను ఉంచండి. చిన్న పగులు కనిపించినా, పూర్తిగా ఆరి అతుకు పడేవరకు కడలిలోకి దింపనీయకండి. పాత పలక కొనేటప్పుడు చేతితో ఎత్తి చూడండి. పరిమాణానికి మించి బరువు తూగితే అది నీరు తాగిందేమో అని అనుమానించవలసిందే.