తీగ లేకుండా బొమ్మ ఎలా వెళుతుంది?

పిల్లలూ! ఆఫీసు మీటింగు గదిలో అమ్మగారో నాన్నగారో లాప్‌టాప్ తెరవగానే అందులోని బొమ్మ గోడమీది టెలివిజన్‌లోనూ కనిపిస్తుంది. మధ్యన తీగ ఉండదు. మరి బొమ్మ ఎలా వెళ్లింది?

అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలున్న తెరలో మొత్తం 20,73,600 చుక్కలుంటాయి. సాధారణంగా సెకనుకు 60 సార్లు బొమ్మను కొత్తగా వేస్తారు. ప్రతిసారీ అన్ని చుక్కల రంగులూ పంపాలంటే వైఫై రేడియో తరంగాలు ఆ బరువు మోయలేవు. అందుకని లాప్‌టాప్ ఒక ఉపాయం పన్నుతుంది. ఒకసారి బొమ్మంతా పంపి, ఆ పైన మారినంత మేరకే మూటకట్టి పంపుతుంది. టెలివిజన్ ఆ మూట విప్పి, తన బొమ్మను దిద్దుకుంటుంది. 2012లో వచ్చిన మిరాకాస్ట్ పద్ధతి ఇలాంటిదే. కట్టడానికీ విప్పడానికీ కాస్త వ్యవధి కావాలి గనక, మీరు మౌస్ కదిపితే టెలివిజన్‌లో బాణం ఒక లిప్త ఆలస్యంగా కదులుతుంది.

అయితే ఒక జాగ్రత్త! ఈ తరంగాలు గోడలు దాటి కూడా పోతాయి. పక్కగది టెలివిజన్ పేరు కూడా మీ లాప్‌టాప్‌లో కనిపించవచ్చు. పొరపాటున దాన్ని నొక్కితే మీ సొంత ఉత్తరం పరాయివాళ్లు చదువుతారు! అందుకే చాలా టెలివిజన్లు తమ తెరమీద కొన్ని అంకెలు చూపి, వాటిని లాప్‌టాప్‌లో వేయమంటాయి. ఆ అంకెలు ఆ గదిలో ఉన్నవారికే కనిపిస్తాయి గదా! పేరు చదివి, అంకెలు సరిచూసి, ఆ తరవాతే బొమ్మ పంపండి.