శబ్దం ఆగిన చోటు

1983 డిసెంబరు. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, సైన్యానికి చెందిన బాలిస్టిక్ పరిశోధనాలయంలో కంప్యూటర్ల నెట్‌వర్క్ వింతగా ప్రవర్తించసాగింది. లోపం ఎక్కడ ఉన్నదో అంతుపట్టలేదు. అక్కడ పనిచేసే మైక్ మ్యూస్ రాత్రి పొద్దుపోయేవరకు కూర్చుని ఒక చిన్న ప్రోగ్రామును రచించారు. అవతలి యంత్రాన్ని “ఉన్నావా?” అని పలకరించడం, “ఉన్నాను” అనే బదులు ఎంతసేపటికి వచ్చిందో కొలవడం, దాని పని అంతే. నీటి అడుగున ధ్వనిని పంపి ప్రతిధ్వనిని ఆలకించే సోనార్‌ను తలచుకొని దానికి ‘పింగ్’ అని పేరు పెట్టారు. విచిత్రమేమంటే, ప్రోగ్రాము సిద్ధమయ్యేసరికి చెడిన పరికరం బాగుపడనే బాగుపడింది. పింగ్ మాత్రం నిలిచిపోయింది. నేడు లైనక్స్ నడిచే ఇంటి కంప్యూటర్లలోనూ అది సామాన్యంగా ఉంటుంది.

ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోయినప్పుడు అటువంటి పలకరింపు ఎవరికీ ముందుగా తోచదు. పరీక్ష రుసుము చెల్లించడానికి ఆ రాత్రే గడువు, పేజీ తెరుచుకోదు. అపవాదు లైనక్స్ మీద పడుతుంది. అంతా చెరిపివేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి పూనుకుంటారు. లోపం వీధిలోని తీగలో ఉంటే చెరిపినందువల్ల అది తొలగదు. డిస్కులో దాచుకొన్న ఫోటోలు, పాఠాలు మాత్రం పోతాయి. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగులబెట్టుకోవడమంటే ఇదే.

కరెంటు పోయిందని కబురందితే అనుభవం గల లైన్‌మన్ ముందు ఇంటి ఫ్యూజు చూస్తాడు, తరువాత స్తంభం, ఆపైన ట్రాన్స్‌ఫార్మరు. ఇక్కడా అదే వరుస.

మొదట ఫోనులో మొబైల్ డేటా ఆపి, ఇంటి వైఫై మీద ఏదైనా పేజీ తెరిచి చూడాలి. తెరుచుకుంటే బయటి లైను బాగున్నట్లే; లోపం కంప్యూటరులోనో, దానికీ రౌటరుకూ మధ్యనో ఉన్నది.

తరువాత టెర్మినల్‌లో ‘ఐపీ అడ్రస్’ అనే ఆదేశమిస్తే కంప్యూటరు చిరునామా కనిపిస్తుంది. ఇళ్లలో అది తరచుగా 192.168తో మొదలవుతుంది. చిరునామా లేకపోయినా, 169.254తో మొదలైనా, రౌటరు నుండి చిరునామా అందలేదన్నమాట. తీగ గట్టిగా బిగిసి ఉన్నదా, వైఫై పాస్‌వర్డు సరైనదేనా అని చూడాలి.

చిరునామా సరిగా ఉంటే ‘ఐపీ రూట్’ అనే ఆదేశమివ్వాలి. అందులో ‘డిఫాల్ట్’ అన్న వరుసలో కనిపించే సంఖ్య సాధారణంగా రౌటరుది. దానిని పింగ్ చేసినప్పుడు బదులు వస్తే ఇంటి లోపలి దారి బాగున్నది. ఆపై 8.8.8.8ను పిలవాలి, అది గూగుల్ సంస్థ అందరికీ అందుబాటులో ఉంచిన సర్వరు. రౌటరు పలికి ఇది పలకకపోతే లోపం చాలావరకు ఇంటికి ఆవల ఉన్నది. అయితే భద్రత కోసం పింగ్‌కు బదులివ్వని సర్వర్లూ ఉంటాయి. కనుక ఒక్క మౌనంతో తీర్పు చెప్పక, 1.1.1.1 వంటి మరొక సంఖ్యను కూడా పిలిచి చూసి, ఆ తరువాతనే ఇంటర్నెట్ సంస్థకు ఫోను చేయడం ఉచితం.

సంఖ్యలు పలుకుతూ, పేరుతో పిలిచిన సైటు మాత్రం దొరకకపోతే? అప్పుడు దారి తెరిచే ఉన్నది. చిరునామాల పుస్తకమే అందడం లేదు. పేరు చెబితే సంఖ్యను వెతికి ఇచ్చే ఈ డీఎన్ఎస్ ఏర్పాటును పాల్ మొకాపెట్రిస్ రూపొందించినది కూడా 1983లోనే. నెట్‌వర్క్ సెట్టింగులలో డీఎన్ఎస్ సర్వరు సంఖ్యను సరిదిద్దితే తరచుగా చిక్కు తీరిపోతుంది. ఒక్క ఫైలునైనా చెరపనక్కరలేదు.

మైక్ మ్యూస్ 2000లో రోడ్డు ప్రమాదంలో మరణించారు. పింగ్ గురించి తాను విన్న కథలన్నింటిలో ఆయన మెచ్చినది ఒకటున్నది. ఒక భవనంలో నెట్‌వర్క్ సంబంధం ఉండి ఉండి తెగిపోతుండేది. అక్కడి నిర్వాహకుడు, బదులు వచ్చిన ప్రతిసారీ కంప్యూటరు “పింగ్” అని పలికేటట్లు చేసి, ఆ ధ్వనిని స్టీరియోకు కలిపి బిగ్గరగా పెట్టాడు. అది మార్మోగుతుండగా భవనమంతా తిరిగి, తీగల కొసలను ఒక్కొక్కటిగా కదిపి చూశాడు. ఒక చోట కదపగానే శబ్దం ఆగిపోయింది. అన్నాళ్లు వెతికిన లోపం అతని వేళ్ల మధ్యనే ఉన్నది.